ఒకే ఫీల్డుకు రెండు ఇంటర్‌ఫేస్‌లు: జావా ఎందుకు ఒప్పుకోదు?

సెమీకోలన్: లాగ్ రాసే క్లాసు ఒకటి రాస్తున్నాను. అందులోని ఫీల్డు (క్లాసు దాచుకునే విలువ) అపెండబుల్ కావాలి, అంటే దానికి రాత చేర్చగలగాలి; క్లోజబుల్ కూడా కావాలి, అంటే పనయ్యాక మూయగలగాలి. రెండూ ఇంటర్‌ఫేస్‌లే, అంటే ఏ మెథడ్లు ఉండాలో చెప్పే ఒప్పందాలు. జెనరిక్ మెథడ్‌కైతే, అంటే రకాన్ని ‘టి’ అని ఖాళీగా ఉంచి పిలిచేటప్పుడు నింపే మెథడ్‌కైతే, ‘టి ఎక్స్‌టెండ్స్ అపెండబుల్ & క్లోజబుల్’ అని 2004 నాటి జావా 5 నుంచే రాయవచ్చు. ఫీల్డు రకంగా మాత్రం రాయనివ్వదు. స్విఫ్ట్‌కు, స్కాలా 3కు ఈ బాధ లేదు. పీహెచ్‌పీ కూడా 2021లో 8.1తో నేర్చుకుంది!

పాతకాపు: రెండింటినీ కలిపి మూడో ఇంటర్‌ఫేస్ రాసుకోండి.

సెమీకోలన్: ఆ మూడోదాన్ని జావాతో వచ్చే ఫైల్‌రైటర్ క్లాసు ఇంప్లిమెంట్ చేస్తుందా? జేడీకే, అంటే జావా సొంత కిట్, నా చేతిలో లేదండీ. గో భాషలో అయితే మెథడ్లు ఉంటే చాలు, జావాలో పేరు ప్రకటించి తీరాలి.

విహారి: రకం పేరు రాయకుండా వదిలేయడానికి జావా 10లో ‘వార్’ వచ్చింది కదా?

సెమీకోలన్: అది మెథడ్ లోపలి లోకల్ వేరియబుల్స్‌కే, ఫీల్డులకు కాదు.

పాతకాపు: అయితే క్లాసుకే టైప్ పారామీటర్ (ఆ ‘టి’) పెట్టండి.

సెమీకోలన్: పెట్టాను. నా క్లాసును ఫీల్డుగా దాచుకున్న ప్రతి క్లాసుకూ ఆ ‘టి’ గజ్జిలా అంటుకుంది. సమీక్షలో మా లీడ్ అందరి ముందూ తిరగ్గొట్టారు.

పాతకాపు: లీడ్ సరిగ్గానే చేశారు. రైటర్ అనే క్లాసులో రెండూ ఉన్నాయి, దాన్ని వాడలేరా?

సెమీకోలన్: ప్రింట్‌స్ట్రీమ్ అనే క్లాసు రైటర్ కాదు. అయినా అపెండబుల్, క్లోజబుల్ రెండూనూ. చూసి మాట్లాడండి.

పాతకాపు: చూసే మాట్లాడుతున్నాను. రేపు ఎవరో మీకు సిస్టమ్.అవుట్ (ప్రోగ్రామంతా తెరమీద రాయడానికి వాడే ప్రింట్‌స్ట్రీమ్) ఇస్తారు, మీరు మూసేస్తారు. మా దగ్గర ఒక లైబ్రరీ అదే చేసింది. ఆ తర్వాత లాగ్‌లో ఒక్క లైను పడితే ఒట్టు. ప్రింట్‌స్ట్రీమ్ ఎక్సెప్షన్ విసరదు, తప్పు జరిగిందని లోపల జెండా ఎత్తి ఊరుకుంటుంది. రాత్రంతా వెతికింది నేను, మీరు కాదు!

సెమీకోలన్: అంటే మీ కోపం ఆ & గుర్తు మీద కాదు, నా క్లాసు క్లోజ్ చేయడం మీద. ఆ ముక్క మొదటే చెప్పవచ్చుగా?

పాతకాపు: తెరిచినవారే మూయాలి. ఇందులో చెప్పడానికేముంది?

సెమీకోలన్: తెరిచిన ఫ్యాక్టరీ (ఆబ్జెక్టులు తయారుచేసే కోడ్) నాకు అప్పగించి తన దారిన పోతే? బఫర్డ్‌రైటర్ తనకిచ్చిన రైటర్‌ను మూయడం లేదా?

గోదారిగట్టు: కన్‌స్ట్రక్టర్‌ను (ఆబ్జెక్టును నిర్మించే కోడ్‌ను) మాత్రమే జెనరిక్ చేయండి. వచ్చిన ఒక్క ఆబ్జెక్టునే అపెండబుల్ ఫీల్డులో ఒకసారి, క్లోజబుల్ ఫీల్డులో ఒకసారి పెట్టండి. ‘టి’ బయటకు పాకదు, కంపైలర్ తనిఖీ పోదు.

సెమీకోలన్: పని చేసింది! రెండు ఫీల్డుల్లోనూ ఉన్నది ఒకే ఆబ్జెక్టని కామెంట్ రాయాలి, అంతే.

పాతకాపు: ఎలాగూ విడదీశారుగా, ఆ క్లోజబుల్‌ను పిలిచినవారి దగ్గరే ఉంచేయండి.

సెమీకోలన్: ఉంచను.