నికోటిన్ గమ్ వాడుతున్నా మూడో రోజుకే మళ్లీ సిగరెట్: తప్పు ఎక్కడ?

తూరుపుగాలి (ప్రశ్న)

రోజుకు 20 సిగరెట్లు. లేచిన పది నిమిషాల్లోపే మొదటిది. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్‌తో రెండుసార్లు మానే ప్రయత్నం, రెండుసార్లూ మూడో రోజు సాయంత్రానికే తెగిపోయింది. గమ్ రోజుకు ఐదారు, అదీ నాలుక బాగా పీకినప్పుడే. కాసేపు నమిలేసరికి ఎక్కిళ్లు, గుండెల్లో మంట. పైగా పెద్దగా పనిచేసినట్టూ ఉండదు.

నా సందేహాలు ఇవి. గమ్ సరిపోవడం లేదా, వాడే పద్ధతిలోనే తేడా ఉందా? ప్యాచ్ (చర్మానికి అంటించే నికోటిన్ పట్టీ), గమ్ కలిపి వాడితే నికోటిన్ ఎక్కువైపోదా? రోజుకు రెండు మూడు చొప్పున తగ్గించుకుంటూ రావాలా, ఒక్కసారే ఆపేయాలా? "మనసు గట్టి చేసుకో" అన్న సలహా ఇప్పటికే చాలామంది ఇచ్చారు. అంతకన్నా చేతికి అందేది ఏదైనా చెప్పండి.

మందులచీటీ

గమ్ తప్పేమీ లేదండి. మోతాదు తక్కువ, రోజుకు వాడే సంఖ్య తక్కువ, నమిలే తీరు వేరు. మూడూ సరిచేసుకోదగ్గవే.

లేచిన 30 నిమిషాల్లోపు మొదటి సిగరెట్ వెలిగించేవారికి 4 మిల్లీగ్రాముల గమ్ కావాలి. ఆ తర్వాత ఎప్పుడో వెలిగించేవారికి 2 మిల్లీగ్రాములు చాలు. రోజుకు ఎన్ని కాలుస్తారన్న దానికన్నా, లేచాక ఎంతసేపటికి కాలుస్తారన్నదే బానిసత్వం ఎంత గట్టిదో బాగా చెబుతుంది. ఒంట్లో నికోటిన్ దాదాపు రెండు గంటలకోసారి సగానికి పడిపోతూ ఉంటుంది కాబట్టి తెల్లారేసరికి మిగిలేది బాగా తక్కువ. ఆ లోటును పది నిమిషాలు కూడా ఓర్చుకోలేని ఒంటికి 2 మిల్లీగ్రాములు ఏ మూలకు?

ఇక సంఖ్య. మొదటి ఆరు వారాలూ గంటకో రెండు గంటలకో ఒకటి చొప్పున, రోజుకు తొమ్మిదికి తగ్గకుండా వాడాలి. 24 మించకూడదు. 7 నుంచి 9 వారాల్లో రెండు నుంచి నాలుగు గంటలకు ఒకటి, 10 నుంచి 12 వారాల్లో నాలుగు నుంచి ఎనిమిది గంటలకు ఒకటి. నాలుక పీకినప్పుడే వేసుకుందామంటే ఆలస్యమైపోతుంది. సిగరెట్ నికోటిన్ 10–20 సెకన్లలో మెదడుకు చేరుతుంది, గమ్ నికోటిన్ రక్తంలో గరిష్ఠ స్థాయికి రావడానికి అరగంట దాకా పడుతుంది. అందుకే గడియారం చూసి వాడాలి.

ఎక్కిళ్లూ మంటా ఎందుకంటే, మీరు దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నములుతున్నారు. నెమ్మదిగా నాలుగైదు నుంచి పది పదిహేను సార్లు నమలండి. కారంగానో చురుక్కుమనో తగలగానే ఆపేసి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టేయండి. ఒక నిమిషానికి ఆ చురుకు తగ్గుతుంది. అప్పుడు మళ్లీ కాస్త నమిలి ఈసారి రెండో బుగ్గలో పెట్టండి. ఇలా అరగంట. నికోటిన్ ఒంటికి పట్టేది బుగ్గ లోపలి పొర గుండానే. గబగబా నమిలితే ఉమ్మితో కలిసి కడుపులోకి పోతుంది. కడుపు నుంచి వెళ్లినదాన్ని రక్తంలో కలవకముందే కాలేయం చాలావరకు విరిచేస్తుంది. మనకు మిగిలేది మంట మాత్రమే.

ఇంకొకటి చాలామందికి తెలియదు. నోటిలో పులుపు ఉంటే ఆ పొర నికోటిన్‌ను లోపలికి రానివ్వదు. కాఫీ, పళ్లరసం, కూల్‌డ్రింక్ తాగిన 15 నిమిషాల దాకా గమ్ వేసుకోకండి. గమ్ నోట్లో ఉండగా మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. కాఫీ తాగుతూనో, తాగిన వెంటనేనో వేసుకున్న గమ్ చాలావరకు వృథా.

కట్టుడు పళ్లున్నా, దవడ నొప్పి ఉన్నా లాజెంజ్ (చప్పరించే నికోటిన్ బిళ్ల) నయం. దాన్ని నమలకుండా, కొరకకుండా 20–30 నిమిషాలు కరగనివ్వాలి. రోజుకు 20 దాటకూడదు. గర్భిణులూ, ఈమధ్య గుండెపోటు వచ్చినవారూ, గుండె లయ బాగా తప్పేవారూ వీటిలో ఏది మొదలుపెట్టాలన్నా ముందు డాక్టరుతో మాట్లాడాలి.

నిదానం

ప్యాచ్, గమ్ కలిపి వాడటం తప్పు కాదు. ఒక్కదాన్నే వాడినవారికన్నా రెండూ కలిపి వాడినవారిలో ఎక్కువమంది మానగలిగారని పరిశోధనలు తేల్చాయి. రెండూ చేసే పని వేరు కదా. ప్యాచ్ రోజంతా ఒకే తీరున కొద్దికొద్దిగా నికోటిన్ ఇస్తూ అడుగు లోటును పూడుస్తుంది. కానీ హఠాత్తుగా లేచే కోరికకు ప్యాచ్ జవాబు చెప్పలేదు, ఆ పని గమ్‌ది. ప్యాచ్ ఉన్నప్పుడు గమ్ గంటగంటకూ అక్కర్లేదు. కోరిక పుట్టించే సందర్భానికి కాస్త ముందు, లేదా కోరిక పుట్టినప్పుడు వేసుకోండి. కలిపి వాడేప్పుడు గమ్ ఏ బలానిది, రోజుకు ఎన్ని అన్నది ఫార్మసిస్టుతో ఒకసారి సరిచూసుకోండి.

రోజుకు పదికి మించి కాల్చేవారికి 24 గంటల ప్యాచ్ లెక్క ఇది: 21 మిల్లీగ్రాములది ఆరు వారాలు, తర్వాత 14 రెండు వారాలు, తర్వాత 7 రెండు వారాలు. పది లేదా అంతకన్నా తక్కువైతే 14తో మొదలుపెట్టి ఆరు వారాలు, ఆపైన 7 రెండు వారాలు. మూడు వారాలకే "బాగానే ఉంది కదా" అని ప్యాచ్ తీసేసి మళ్లీ పొగలోకి జారేవారు చాలామంది. బాగున్నది ప్యాచ్ ఉన్నందువల్లే.

వెంట్రుకలు లేని, తడిలేని చర్మం మీద వేయాలి: భుజం కింద చేతికో, ఛాతీకో, తుంటికో. అక్కడ నూనె, క్రీము రాసి ఉండకూడదు. అరచేత్తో పది సెకన్లు అదిమి పట్టాలి. రోజూ చోటు మార్చాలి, వారంలోపు అదే చోటుకు తిరిగి రాకూడదు, లేకపోతే చర్మం ఎర్రబడి దురద పెడుతుంది. కత్తిరించి వాడకండి. పీడకలలు వస్తున్నా, నిద్ర పట్టకపోయినా పడుకునేముందు తీసేయవచ్చు. ఎంఆర్ఐ స్కాన్‌కు వెళ్లేటప్పుడు తప్పకుండా తీయాలి, కొన్నిటి వెనుక లోహపు పొర ఉండి చర్మం కాలే ప్రమాదం ఉంది. వాడేసిన ప్యాచ్‌లోనూ నికోటిన్ మిగిలే ఉంటుంది. జిగురు వైపు లోపలికి మడిచి పిల్లలకు, పెంపుడు జంతువులకు అందకుండా పారేయండి.

ఎక్కువైందా తక్కువైందా అన్నది గుర్తుపట్టడం నేర్చుకోవాలి. వికారం, తలతిరుగుడు, చెమటలు, గుండె దడ ఉంటే ఎక్కువైనట్టు. ప్యాచ్ తీసేసి ఆ చోటును సబ్బు లేకుండా ఒట్టి నీళ్లతో కడగండి, తగ్గకపోతే వైద్యసాయం తీసుకోండి. చిరాకు, ఆకలి, కుదురుగా కూర్చోలేకపోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం అయితే నికోటిన్ చాలనట్టు. మీకు మూడో రోజు జరుగుతున్నది ఈ రెండోదే.

తగ్గించుకుంటూ రావడం గురించి: 2016లో బ్రిటన్‌లో దాదాపు 700 మందితో ఒక పోలిక చేశారు. రెండు గుంపులవారికీ ప్యాచ్ వగైరా ఇచ్చారు. ఒక్కసారే ఆపినవారిలో 49 శాతం మంది నాలుగు వారాల తర్వాత కూడా పొగ లేకుండా ఉన్నారు, రెండు వారాలు తగ్గిస్తూ వచ్చి ఆపినవారిలో 39 శాతం. సంఖ్య తగ్గినప్పుడు మనిషికి తెలియకుండానే మిగిలిన సిగరెట్‌ను గట్టిగా, ఎక్కువసార్లు పీలుస్తాడు. ఇరవై పదైనా, ఒంట్లోకి వెళ్లే నికోటిన్ సగానికి దిగదు. "లైట్" సిగరెట్లతోనూ ఇదే జరుగుతుంది. కాబట్టి తేదీ పెట్టుకుని ఆపడమే మేలు. ఒక్కసారి ఆపడం ఏమాత్రం కుదరదనుకుంటే తగ్గించడం మానేయమని కాదు. తగ్గించిన ప్రతి సిగరెట్ చోటా ఒక గమ్ పెట్టి తగ్గించండి, ఆఖరి తేదీ మాత్రం ముందే రాసి పెట్టుకోండి.

తూరుపుగాలి

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలండి. ఇంకో రెండు. ఆపినప్పుడల్లా నిద్ర చెడిపోతోంది, చేతులు సన్నగా వణుకుతున్నాయి. అది కూడా నికోటిన్ లోటేనా? కాఫీ రోజుకు నాలుగు కప్పులు. రెండోది, సాయంత్రం పూట నలుగురిలో ఉన్నప్పుడు వచ్చే ఊపు. ఆ కాసేపు ఏం చేయాలి?

మందులచీటీ

వణుకులో కాఫీ వాటా చాలా ఉండవచ్చు. పొగలోని కొన్ని రసాయనాలు కాలేయంలో ఒక ఎంజైమును పెంచుతాయి. కెఫీన్‌ను విరిచేదీ ఆ ఎంజైమే. సిగరెట్ ఆపిన కొద్ది రోజులకే అది మామూలు స్థాయికి దిగుతుంది. మీరు తాగేది అవే నాలుగు కప్పులైనా రక్తంలో కెఫీన్ దాదాపు రెట్టింపు అవుతుంది. గుండె దడ, వణుకు, నిద్రలేమి, ఆందోళన ఇవన్నీ సిగరెట్ లేకపోవడం వల్లేనని మనిషి అనుకుంటాడు, వెళ్లి వెలిగిస్తాడు. మానే రోజు నుంచే కాఫీని సగం చేయండి, మధ్యాహ్నం తర్వాత పూర్తిగా వద్దు. ఆ ఎంజైమును పెంచేది పొగే గానీ నికోటిన్ కాదు, అందుకని ప్యాచ్ వేసుకున్నా ఇదే లెక్క.

ఇదే కారణంతో థియోఫిలిన్ (ఉబ్బసానికి), క్లోజపిన్, ఒలాంజపిన్ (మానసిక జబ్బులకు) లాంటి మందులు వాడేవారికి సిగరెట్ మానగానే మందు ఒంట్లో పేరుకుంటుంది. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా వాడేది), ఇన్సులిన్ వాడేవారికీ మోతాదు సరిచూడాల్సి రావచ్చు. మానే తేదీని ముందే డాక్టరుకు చెప్పండి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

ప్యాచ్, గమ్‌లతో సాగకపోతే వరెనిక్లిన్ అనే మాత్ర ఉంది, డాక్టరు రాస్తేనే. నికోటిన్ పట్టుకునే చోటే ఇదీ మెదడులో కూర్చుంటుంది: లోటును కొంత తీరుస్తుంది, సిగరెట్ కాల్చినా ఆ హాయి తెలియకుండా చేస్తుంది. మానే తేదీకి వారం ముందు మొదలుపెట్టాలి. మొదటి మూడు రోజులు 0.5 మిల్లీగ్రాములు ఒకసారి, నాలుగు నుంచి ఏడో రోజు వరకు అదే రోజుకు రెండుసార్లు, ఎనిమిదో రోజు నుంచి 1 మిల్లీగ్రాము రెండుసార్లు, మొత్తం 12 వారాలు. దీనితో ఎక్కువగా కనిపించే ఇబ్బంది వికారం. ఖాళీ కడుపున కాకుండా తిన్నాక గ్లాసు నిండా నీళ్లతో వేసుకుంటే అది బాగా తగ్గుతుంది. మూత్రపిండాల జబ్బు బాగా ముదిరినవారికి మోతాదు తగ్గించాలి. బుప్రోపియాన్ అనే మాత్ర ఇంకో దారి, కానీ మూర్ఛ వచ్చినవారికి అది పనికిరాదు.

ఏటిఒడ్డు

సాయంత్రం సంగతి నేను చెబుతాను. కోరికలు రెండు రకాలు. రోజంతా సన్నగా లాగుతూ ఉండేది నికోటిన్ లోటు, అది ప్యాచ్‌తో తగ్గుతుంది. ఏదో చూసో, ఎవరో వెలిగిస్తేనో ఒక్కసారిగా ఎగసేది అలవాటు. ఈ రెండోది నికోటిన్ ఒంట్లోంచి పోయిన నెలల తర్వాత కూడా రాగలదు. అయితే అది అలలా లేచి కొద్ది నిమిషాల్లో విరుగుతుంది, చాలావరకు మూడు నుంచి ఐదు నిమిషాలు. మీరు దాటాల్సింది ఆ ఐదు నిమిషాలనే.

మానే ముందు మూడు రోజులు ఒక చిన్న కాగితం ప్యాకెట్‌కు చుట్టి పెట్టండి. వెలిగించే ముందే రాయాలి: టైము, అంతకుముందు ఏం చేస్తున్నారు, ఎంత అవసరమనిపించింది (1 నుంచి 3). ఆ కాగితంలో 3 పడ్డవాటికే ముందుగా గమ్ కేటాయించుకోండి. 1 పడ్డవి చేతి అలవాటు, వాటికి చోటో వరసో మారిస్తే చాలు. తిన్నాక కూర్చునే కుర్చీలో కూర్చోకుండా లేచి పళ్లు తోముకోవడం, ఫోన్ మాట్లాడేటప్పుడు చేతిలో పెన్ను పట్టుకోవడం, కాఫీని వేరే గదిలో తాగడం. "జాగ్రత్తగా ఉంటాను" అనుకోవడం వల్ల ఏమీ కాదు. "ఎవరైనా ప్యాకెట్ చాపితే 'మానేశాను' అని చెప్పి నీళ్లకోసం లేస్తాను" అని మాటతో సహా ముందే రాసుకోవాలి.

ఊపు వచ్చినప్పుడు ముందు అక్కడి నుంచి లేవండి. వాచీ చూసుకుని ఐదు నిమిషాలు వేగంగా నడవండి. నడక కోరికను తగ్గిస్తుందని బాగా రుజువైంది. లేచే వీలు లేకపోతే నాలుగు సెకన్లు ఊపిరి తీసుకుని ఆరు సెకన్లలో వదలండి, పదిసార్లు. మొత్తం 100 సెకన్లు పడుతుంది. సిగరెట్ కాల్చేప్పుడు కూడా మీరు చేసేది నెమ్మదిగా పీల్చి వదలడమే, ఒంటికి ఆ లయ అలవాటు. తర్వాత చల్లటి నీళ్లు గుక్కగుక్కగా. ఇంకా ఐదు నిమిషాలు కావాలంటే మళ్లీ మొదటినుంచి.

మొదటి నెల మద్యం దూరం పెట్టండి. రెండు గుక్కల తర్వాత కాగితంలో రాసుకున్నది గుర్తుకురాదు, పక్కనే సిగరెట్ ఉంటుంది.

ఇంకో మాట, మీ మూడో రోజు గురించి. సిగరెట్ మానాక నికోటిన్ అందక కలిగే (విత్‌డ్రాయల్) బాధ రెండు, మూడు రోజుల్లోనే శిఖరానికి చేరుతుంది, తర్వాత రెండు నుంచి నాలుగు వారాల్లో మెల్లగా దిగుతుంది. ఆకలి మాత్రం ఇంకా కొన్నాళ్లు ఉంటుంది. అందుకని తేదీని వెనుక నుంచి లెక్కపెట్టండి. మూడో రోజు సాయంత్రం నలుగురిలో కూర్చోవాల్సిన పని లేని రోజు చూసుకుని, దానికి రెండు రోజుల ముందు మొదలుపెట్టండి. కొత్తగా దగ్గు పెరిగితే కంగారు పడకండి, ఊపిరి గొట్టాలు మళ్లీ శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టాయి. కొన్ని వారాలు దాటినా తగ్గకపోయినా, దగ్గులో రక్తం కనిపించినా డాక్టరుకు చూపించాలి.

నిదానం

ఒకటి తప్పిపోయింది. మధ్యలో ఒక సిగరెట్ కాలిస్తే ప్యాచ్ పీకేయకండి, తీసేయాల్సింది మిగిలిన ప్యాకెట్‌ను. ప్యాచ్ అలాగే ఉంచి, ఆ రోజు మిగతా గంటలు అనుకున్నట్టే గడపండి, కాగితంలో ఆ ఒక్కటి ఎక్కడ, ఎవరి పక్కన, గమ్ వేసుకుని ఎంతసేపైందో రాయండి. చాలాసార్లు గమ్ మధ్య విరామం మూడు నాలుగు గంటలు దాటి ఉంటుంది.

పొద్దుటి వరస మీకు ఇలా కుదురుతుంది: లేవగానే పాత ప్యాచ్ తీసి కొత్తది వేరే చోట వేయండి. అది పూర్తిగా పనిలోకి రావడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి వెంటనే 4 మిల్లీగ్రాముల గమ్ ఒకటి, అరగంట. అది ఉమ్మేశాకే కాఫీ. కాఫీ అయ్యాక తర్వాతి గమ్‌కు 15 నిమిషాలు ఆగండి. రాత్రే గమ్, ప్యాచ్, నీళ్ల గ్లాసు మంచం పక్కన పెట్టుకుని పడుకోండి. ఇంతకుముందు ప్యాకెట్, లైటర్ ఉండే చోటే పెట్టండి.