నేరం నాటికి 17, ఇప్పుడు 19: అర్హత ఫారంలో ఏ నిర్వచనం వాడాలి?

విజయవాడలో కొట్లాట, కత్తిపోటు కేసుల్లో ఇరుక్కున్న కుర్రాళ్లకు కౌన్సెలింగ్ కార్యక్రమం కోసం అర్హత ఫారం తయారవుతోంది. జువనైల్ బోర్డు (18 ఏళ్లలోపు పిల్లల నేరాలను విచారించేది) కేసులు చూసే లాయర్లు, ప్రొబేషన్ అధికారులు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

2014 జాతీయ యువజన విధానంలో యువత అంటే 15–29 ఏళ్లు. 2015 జువనైల్ జస్టిస్ చట్టంలో మాత్రం నేరం జరిగిన రోజు వయసే లెక్క. కృష్ణలంకలో గొడవ నాటికి 17 ఏళ్ల 10 నెలలున్న కుర్రాడికి ఇవాళ 19 నిండినా ఆ కేసులో బాలుడే. ఫారంలో 'ప్రస్తుత వయసు' ఒక్కటే ఉంటే అతను పెద్దల జాబితాలో పడతాడు. అందుకే నేరం తేదీకి వేరే గడి పెట్టాం. వయసు రుజువుకి అదే చట్టం 94వ సెక్షన్ వరుసే: బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్, అవి లేకుంటే కార్పొరేషన్ జనన ధ్రువపత్రం, ఏదీ లేకపోతేనే ఎముకల పరీక్ష.

అసలు చిక్కు నేరం వర్గం రాసే గడిలో. 'హింసాత్మక నేరం' అన్న మాటకి జువనైల్ చట్టంలో నిర్వచనమే లేదు; శిక్షను బట్టే వర్గాలు. కనీస శిక్ష 7 ఏళ్లు లేదా ఆపైన ఉంటేనే ఘోర (heinous) నేరం. భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 109వ సెక్షన్ కింద హత్యాయత్నానికి పదేళ్ల దాకా, గాయమైతే యావజ్జీవం దాకా పడొచ్చు, కనీస శిక్ష లేదు. జువనైల్ చట్టానికి 2021లో చేసిన సవరణ తర్వాత అది స్పష్టంగా తీవ్ర (serious) నేరమే, ఘోరం కన్నా ఒక మెట్టు కింద. దోపిడీలో తీవ్రంగా గాయపరిస్తే న్యాయ సంహిత 311 కింద కనీసం 7 ఏళ్లు కాబట్టి ఘోరం. పేరు చూసి వర్గం రాస్తే తప్పుతుంది.

గడిలో ఎఫ్‌ఐఆర్ సెక్షన్ రాయాలా, చార్జిషీట్ సెక్షనా? జువనైల్ చట్టం 74వ సెక్షన్ పిల్లల వివరాలు బయటపెట్టొద్దంటుంది కదా, శాఖల మధ్య పేరు లేకుండా నంబరుతో జాబితా ఎలా నడుపుతున్నారు?