రాలిన టేకాకును ముందే కాల్చేస్తే అడవికి మంచిదా?

ములుగు తమ్ముడు:
ఎండాకాలం వస్తే మా వైపు అడవిలో ఎక్కడో ఒకచోట మంట లేస్తుంది. ఉత్తరాఖండ్‌లో రాలిన పైన్ ఆకును ఏరి తెస్తే కిలోకు 50 రూపాయలు ఇస్తామని 2024లో అక్కడి సర్కారు చెప్పింది. మన దగ్గర కొనేవాళ్లు లేకపోయినా, ఫిబ్రవరిలోనే ఎండాకును కొంచెం కొంచెం కాల్చేస్తే పెద్ద మంట తప్పుతుంది కదా?

పాకాల వాసి:
తమ్ముడూ, నీ భయం నిజమే. కానీ ఆ లెక్క ఇక్కడ కుదరదు. అక్కడి చిర్ పైన్ ఆకు సూదిలా ఉంటుంది, పిరూల్ అంటారు. జిగురు ఎక్కువ, నత్రజని తక్కువ. ఈ ఏడు రాలింది కుళ్లకముందే వచ్చే ఏటిది మీద పడి పరుపులా పేరుకుంటుంది. ఏరి తీయాల్సిందే. అక్కడ డబ్బులిస్తామన్నది కూడా ఏరి తెచ్చినందుకే.

మన టేకాకు విస్తరంత ఉంటుంది. ఏప్రిల్‌లో అడుగేస్తే కరకరలాడుతుంది. అదే చోట సెప్టెంబరులో చేత్తో తీసి చూడు. చెదలు తినగా ఈనెలు మాత్రం జల్లెడలా మిగిలి ఉంటాయి. కింద మట్టి నల్లగా, తడిగా ఉంటుంది. ఒక్క వానాకాలంలో చాలావరకు నేలలో కలిసిపోయే ఆకు అది. కాలిస్తే అందులోని నత్రజని పొగలో పోతుంది.

ఇంకోటి, టేకు కింద వాన చిన్న చినుకుగా పడదు. పెద్దాకు మీద నీళ్లు చేరి లావు బొట్టై జారుతుంది. నేల మీద ఆకు లేకుంటే ఆ బొట్టే మట్టిని చిమ్ముతుంది. అడవి కాలిన ఏడు మా చెలక పక్క వాగులో తొలకరి నీళ్లు ముందు నల్లగా, తర్వాత ఎర్రగా వచ్చాయి.

పైగా 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో గాలివానకు 50 వేలకు పైగా చెట్లు కూలాయి. అలాంటి ఎండుకట్టె పడి ఉన్నచోట "కొంచెం" కాల్చడం ఎవరి చేతిలో ఉంటుంది?

నర్సంపేట అక్క:
మరి ఇప్పపువ్వు ఏరుకునేవాళ్లో? ఎండాకులో పువ్వు కనబడదు. బీడీలు చుట్టే తునికాకు చిగురు కోసమూ కాలుస్తారు. వాళ్ల పొట్ట కొట్టమంటావా?

పాకాల వాసి:
లేదక్కా. మా అమ్మ వెంట తెల్లారకముందే ఇప్పపువ్వు ఏరినవాణ్ని నేను. అమ్మ చీపురు తీసుకొచ్చి చెట్టు చుట్టూ ఊడ్చి, ఆకును పక్కకు లాగేది. శ్రమే, కాదనను. ఓ ఏడు పక్క చెట్టు కింద ఎవరో నిప్పు పెట్టి ఆర్పకుండా పోతే, మధ్యాహ్నం గాలికి మంట మా గడ్డివాము దాకా వచ్చింది. ఆ టెన్షన్ నాకింకా గుర్తుంది. తునికి పొదను నరికినా కొత్త చిగురు వస్తుంది, నిప్పే అక్కర్లేదు.

మంట దాటకుండా అడవిలో ఖాళీగా ఉంచే ఫైర్ లైన్ల మీద, బాటల పక్కన ఆకు తీయాల్సిందే. ఆ పనికి ఊరివాళ్లనే పెట్టి ఫిబ్రవరి నుంచే కూలి ఇవ్వాలి. లోపలి ఆకు జోలికి మాత్రం పోవద్దు.

ములుగు తమ్ముడు:
ఫైర్ లైన్ల వరకు ఒప్పుకుంటా అన్నా. వెదురు పొదల కింద పేరుకున్నది చూస్తే మాత్రం నాకింకా భయమే.