స్టేషనరీ చివర ఏ రాయాలా, ఈ రాయాలా?

మిర్యాలగూడ డీటీపీ:
మాది మిర్యాలగూడలో డీటీపీ, ఫ్లెక్సీ షాపు. జూన్ వచ్చిందంటే బుక్ స్టాళ్ల బోర్డులు, స్కూళ్ల అడ్మిషన్ ఫ్లెక్సీలు వరుసకడతాయి. కస్టమర్లు మ్యాటర్ వాట్సాప్‌లో పెడతారు. స్టేషనరీ చివర ఒకాయన ఏ-ఆర్-వై అని, ఇంకొకాయన ఈ-ఆర్-వై అని రాస్తాడు. ప్రిన్సిపల్, కాంప్లిమెంట్స్‌తోనూ ఇదే టెన్షన్. రెండు రకాలూ డిక్షనరీలో ఉన్న మాటలే కాబట్టి కంప్యూటర్ ఎర్ర గీత కూడా పెట్టదు. వీటిని ఎట్లా గుర్తుపెట్టుకోవాలి?

నల్లగొండ ఇంగ్లిష్ సార్:
తమ్మీ, ఇక్కడ చెవిని నమ్మకు, అర్థం చూడు. ఒకప్పుడు ఊరూరా తిరగకుండా ఒకచోట కొట్టు పెట్టుకుని పుస్తకాలు అమ్మేవాణ్ని స్టేషనర్ అనేవాళ్లు. దాని చివర ఈ-ఆర్. వై తగిలిస్తే కాగితాలు, పెన్నులు అమ్మే నీ కస్టమర్ బోర్డు. ఏ-ఆర్-వై అంటే కదలకుండా ఆగి ఉన్నది. పుస్తకాల షాపు మీద ఆ మాట చూస్తే నాకు ప్రాణం విలవిలలాడుతుంది, పిల్లలు చదివేది ఆ బోర్డులే కదా!

కాలేజీ ప్రిన్సిపల్ చివర పీ-ఏ-ఎల్. లోన్ కాగితాల్లో అసలుకూ అదే స్పెల్లింగ్, ఎందుకంటే రెండు చోట్లా ప్రధానమైనది అనే అర్థం. పీ-ఎల్-ఈ వచ్చిందంటే సూత్రం, ఆర్కిమెడిస్ సూత్రం లాంటిది.

పాలమూరు లెక్కల టీచర్:
కాంప్లిమెంట్స్ సంగతి నేను చెప్తా అన్నా. పెళ్లికార్డు అడుగున వేసేదానికి ఎల్ తర్వాత ఐ. కొన్నదానితో ఫ్రీగా ఇచ్చే కాంప్లిమెంటరీ గిఫ్ట్‌కూ ఐ. ఎల్ తర్వాత ఈ ఉంటే లోటు పూడ్చి నిండుగా చేసేది. మా పూరక కోణాలు అవే: 35, 55 కలిస్తే 90. కంప్లీట్‌లోనూ ఎల్ తర్వాత ఈ ఉంటుంది, చూడండి.

మిర్యాలగూడ డీటీపీ:
సార్, మేడమ్, చాలా థ్యాంక్స్. బనియన్ల షాపు బోర్డు ఒకటి వచ్చింది. వెస్ట్ అని డబ్ల్యూతో రాసిచ్చారు. ఇది కూడా ఈ కోవదేనా?

నల్లగొండ ఇంగ్లిష్ సార్:
కాదు, ఇది ఇంగ్లిష్ వాళ్లకు రాదు, మనలాంటి వాళ్లకు వచ్చే చిక్కు. బనియన్‌కు వీ, పడమరకు డబ్ల్యూ. ఇంగ్లిష్ వాళ్లు వీ పలికితే పైపళ్లు కింది పెదవికి ఆనుతాయి, డబ్ల్యూకు పెదవులు గుండ్రంగా ముడుచుకుంటాయి. వాళ్లకు రెండూ వేరు శబ్దాలు. మనం రెంటినీ ఒకే 'వ'తో కానిచ్చేస్తాం, అందుకే రాతలో దొర్లుతుంది. వైన్ షాపు బోర్డు వచ్చినా ఇదే చూడు: మందుకు డబ్ల్యూ, ద్రాక్షతీగకు వీ. ప్రింట్ కొట్టే ముందు కస్టమర్‌కు ఫోన్ చేసి స్పెల్లింగ్ ఒక్కో అక్షరం చదివి వినిపించు, మాట మొత్తంగా పలికితే తేడా దొరకదు.