తూకం ముందురోజా, పోటీ రోజేనా?

కార్తీక్_ఎంఎంఏ:
మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ (ఎంఎంఏ) పోటీలు నడిపే యూఎఫ్‌సీలో ఫైట్ శనివారమైతే అసలు తూకం శుక్రవారం పొద్దున్నే హోటల్లో అయిపోతుంది. ఆ తర్వాత అభిమానుల ముందు స్టేజీ మీద కాటా ఎక్కడం లాంఛనమే. 155 పౌండ్ల లైట్‌వెయిట్ ఫైటర్ ఒళ్లు ఎండబెట్టుకుని తూగుతాడు, మర్నాడు కేజ్‌లోకి వచ్చేసరికి పది పదిహేను పౌండ్లు మళ్లీ ఎక్కేస్తాడు. మరి వెయిట్ క్లాస్ ఎందుకు? ఫైట్‌కు గంట ముందు తూస్తే ఈ గోలే ఉండదు. మీరేమంటారు?

సుజాత_ఫిజియో:
కార్తీక్ గారూ, అది ఇంకా ప్రమాదం. ఒంట్లో నీరు లేనివాడి తలకు దెబ్బ తగిలితే ముప్పు ఎక్కువని డాక్టర్లు హెచ్చరిస్తూనే ఉన్నారు. 2016లో యూఎఫ్‌సీ తూకాన్ని సాయంత్రం నుంచి పొద్దుటికి మార్చింది కూడా ఫైటర్ కోలుకోవడానికి ఇంకొన్ని గంటలు దొరకాలనే. పైగా పోటీ రోజే తూస్తే ఎవరూ బరువు దింపరనుకోవడం భ్రమ. రెజ్లింగ్‌లో తూకం పోటీ రోజు పొద్దున్నేగా? 2024 పారిస్‌లో మన వినేశ్ ఫోగట్ రాత్రంతా కష్టపడి, జుట్టు కూడా కత్తిరించుకుని, చివరికి 50 కిలోల మీద 100 గ్రాములు ఎక్కువ తూగి ఫైనల్ ఆడే అవకాశమే పోగొట్టుకుంది. ఆ వార్త విని ఏడ్చేశాను.

వరంగల్_కిక్స్:
సుజాత గారు చెప్పింది నేను అనుభవించాను. రాష్ట్రస్థాయి కిక్‌బాక్సింగ్, 60 కిలోలు. ముందురాత్రి 400 గ్రాములు ఎక్కువున్నా. స్వెట్టర్ మీద రెయిన్‌కోటు వేసుకుని మెట్లెక్కి దిగా. చెమట కూడా ఆగిపోయాక నోట్లో చింతపండు పెట్టుకుని, ఊరిన నీళ్లన్నీ బాటిల్‌లోకి ఉమ్ముతూ కూర్చున్నా. తూకం పాసయ్యా. రెండో రౌండ్‌లో మొహానికి అడ్డంగా గార్డ్ ఎత్తాలని తెలుస్తూనే ఉంది, చేతులు లేవలేదు.

2015 డిసెంబర్‌లో మనీలాలో, యూఎఫ్‌సీ లాంటిదే మరో సంస్థ అయిన వన్ ఛాంపియన్‌షిప్ ఫైట్‌కు ముందు బరువు దింపుతూ చైనా ఫైటర్ యాంగ్ జియాన్ బింగ్ చనిపోయాడు. 21 ఏళ్లు! ఆ తర్వాతే ఆ సంస్థ కాటాతో పాటు మూత్ర పరీక్ష పెట్టింది. ఒంట్లో నీరు తగ్గిందని తేలితే బరువు సరిపోయినా ఫెయిలే. అన్నిచోట్లా ఇది ఉండాలి.

రఫీ_కేజ్‌సైడ్:
పరీక్ష సరే, శిక్ష మాటేమిటి? మామూలు ఫైట్‌కు ఒక పౌండ్ వెసులుబాటు ఉంటుంది, టైటిల్ ఫైట్‌కు ఉండదు. 2022 మేలో యూఎఫ్‌సీ లైట్‌వెయిట్ ఛాంపియన్ ఒలివెయిరా అర పౌండ్ ఎక్కువ తూగితే ఛాంపియన్ బెల్టే పోయింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఇంకో యూఎఫ్‌సీ ఫైటర్ చిమయేవ్ 171 పౌండ్లకు బదులు 178.5 తూగాడు. నేట్ డయాజ్‌తో జరగాల్సిన ఫైట్ రద్దుచేసి ఇంకో ప్రత్యర్థితో ఆడించారు, గెలిచాడు కూడా. సాధారణంగా పారితోషికంలో 20, 30 శాతం కోసి అవతలివాడికి ఇస్తారు. అంత తేడాతో తప్పినవాణ్ని నేనైతే పై క్లాస్‌కు పంపేస్తా.

కార్తీక్_ఎంఎంఏ:
గంట ముందు తూకం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. ఆ చింతపండు సంగతి చదివాక మనసు పాడైంది. కానీ రఫీ భాయ్, బరువు తప్పినవాడితో ఆడనని ప్రత్యర్థి అనొచ్చుగా అంటారు చాలామంది. నెలల తరబడి జిమ్‌కూ కోచ్‌కూ చేతి డబ్బులు పెట్టుకుని వచ్చినవాడు ఆ శుక్రవారం ఎలా కాదంటాడు?