లైటు కింద మిరప: కింది ఆకులు పసుపు, పైన చిగురు ముడత. ఏ లోపం ఇది?

చిగురాకు

అందరికీ నమస్తే. గదిలో ఎల్ఈడీ గ్రో లైటు కింద కుండీల్లో మిరప పెంచుతున్నాను. మట్టి లేదు, మొత్తం కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), కొంచెం పెర్లైట్. నీళ్ళు ఆర్‌ఓ ఫిల్టర్‌వి. 19:19:19 ఎరువు లీటరుకి ఒక గ్రాము కలిపి వారానికి రెండుసార్లు ఇస్తున్నా, మిగతా రోజుల్లో ఉత్త నీళ్ళు. మొదట్లో మొక్కలు నిగనిగలాడాయి. సరిగ్గా పూత మొదలయ్యే టైముకి కింది ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి మధ్యలో పసుపు తిరుగుతోంది, చూస్తే ఆకు మీద పచ్చటి వల పరిచినట్టుంది. పైన కొత్తగా వచ్చే ఆకులేమో చిన్నగా, మెలితిరిగి, కొన్నిటికి అంచుల్లో గోధుమ రంగు. పూత కూడా రాలుతోంది.

ఒకరు నత్రజని అన్నారు, ఇంకొకరు ఐరన్ అన్నారు, మందుల షాపులో అడిగితే మైక్రోన్యూట్రియెంట్ మిక్స్, సీవీడ్, హ్యూమిక్ మూడూ చేతిలో పెట్టారు. మూడూ ఒకేసారి పోసేయొచ్చా? టెన్షన్‌గా ఉంది. పీహెచ్ మీటర్ లేదు, కొనక తప్పదా?

వేరుతడి

ఆ మూడు డబ్బాలూ ప్రస్తుతానికి అటక మీద పెట్టండి. మీరు రాసిన దాంట్లోనే సగం జవాబు ఉంది. ఆర్‌ఓ నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం దాదాపు ఉండవు. 19:19:19 పొట్లం వెనక్కి తిప్పి చూడండి, నత్రజని, భాస్వరం, పొటాష్ తప్ప అందులోనూ ఈ రెండూ ఉండవు. దానికి తోడు కోకోపీట్‌కి ఒక గుణం ఉంది, కాల్షియం, మెగ్నీషియంలను తను పట్టేసుకుని పొటాషియం, సోడియంలను వదులుతుంది. అంటే మూడు వైపుల నుంచీ మొక్కకి అందకుండా పోయింది. ఇన్నాళ్ళు బాగానే ఉందంటే నారులో ఉన్న నిల్వ మీద బతికింది అంతే.

లోపం ముందు ఎక్కడ కనిపించిందో చూస్తే చాలా వరకు తేలిపోతుంది. నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం మొక్కలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదులుతాయి, కొరత రాగానే మొక్క ముదురు ఆకుల్లోంచి లాగి చిగురుకి పంపిస్తుంది, కాబట్టి దెబ్బ కింద పడుతుంది. కాల్షియం, ఐరన్, బోరాన్ అలా కదలవు, అవి తక్కువైతే చిగురే ముందు చెడుతుంది. నత్రజని అయితే ముదురు ఆకు ఈనెలతో సహా మొత్తంగా పాలిపోతుంది. మీదేమో ఈనెల మధ్య పసుపు, అదీ కింద, కాబట్టి మెగ్నీషియమే. ఇదే వల చిగురాకుల్లో కనిపించి ఉంటే ఐరన్ అనేవాణ్ణి. పైన ముడత కాల్షియం అనుకుంటున్నా.

నేనైతే ఇలా ఇస్తా: లీటరుకి కాల్షియం నైట్రేట్ 0.6 గ్రాము, మెగ్నీషియం సల్ఫేట్ అర గ్రాము, 19:19:19 అర గ్రాముకి తగ్గించి. ఆ మూడింట్లో మైక్రో మిక్స్ ఒక్కటి మాత్రం దించి, డబ్బా మీద రాసిన మోతాదులో సగం. బకెట్ నిండా నీళ్ళు పోశాకే ఒక్కొక్కటిగా కరిగించండి. చిక్కగా కలిపి సీసాలో దాచుకుందామనుకుంటే కాల్షియం నైట్రేట్‌ని మాత్రం మిగతా రెండింటితో కలపొద్దు, సల్ఫేట్‌తోనూ ఫాస్ఫేట్‌తోనూ కలిసి తెల్లగా సున్నంలా అడుగున దిగిపోతుంది, ఇక అది మొక్కకి పనికిరాదు. కోకోపీట్‌లో మధ్యమధ్యలో ఉత్త ఆర్‌ఓ నీళ్ళు పోయడం మానేయండి, పోసిన ప్రతిసారీ ఈ పలుచటి నీళ్ళే. పిందె పడ్డాక పొటాష్ కావాలి కాబట్టి 13:0:45 కొంచెం కలపొచ్చు, కానీ పొటాష్ మరీ ఎక్కువైతే మెగ్నీషియాన్ని మళ్ళీ అడ్డుకుంటుంది, గుర్తుంచుకోండి.

ఉప్పుకల్లు

వేరుతడి గారు చెప్పింది కరెక్టే, కానీ మీటర్ సంగతి ఎవరూ చెప్పలేదు. కొనండి, పీహెచ్‌ది, ఈసీది (నీళ్ళలో కరిగిన ఉప్పులు ఎన్ని ఉన్నాయో చెప్పేది) రెండూ. ఎరువు అంతా ఉండి కూడా పీహెచ్ తప్పితే మొక్క తీసుకోలేదు. కోకోపీట్‌లో 5.8 నుంచి 6.2 మధ్య ఉంటే మంచిది, 7 దాటితే ఐరన్, మాంగనీస్ ఉన్నా లేనట్టే. ఆర్‌ఓ నీళ్ళకి తన పీహెచ్‌ని నిలబెట్టుకునే శక్తి ఉండదు, అందుకే ఎరువులన్నీ కలిపాకే కొలవాలి, ముందు కాదు.

ఇంకోటి, కుండీ కిందికి కారిన నీటి ఈసీ కొలవండి. మీరు పోసింది 1.5 ఉండి, కారింది 3 వస్తే లోపల ఉప్పు పేరుకుపోయినట్టు, అప్పుడు ఇంకా మందు పోస్తే ఆకు కొసలు మాడతాయి, మళ్ళీ దాన్నీ లోపం అనుకుని ఇంకో డబ్బా కొంటారు. అలాంటప్పుడు పలుచటి ఎరువు నీళ్ళే ఎక్కువగా పోసి కడిగేయాలి.

ఆర్‌ఓ అవసరమా అన్నది కూడా ఆలోచించండి. మీ కెటిల్ అడుగున తెల్లగా పొర కడుతుంటే కుళాయి నీళ్ళలో కాల్షియం ఊరికే వస్తున్నట్టే. అవి మరీ ఉప్పగా లేకపోతే సగం సగం కలుపుకోవచ్చు.

ఆకుకింద

పైన ముడత కాల్షియం అంటే నేను ఒప్పుకోను. కనీసం చూడకుండా ఒప్పుకోను. మిరపలో చిగురు ముడుచుకుంటే నా అనుమానం ముందు పురుగు మీదే. ఆకు అంచులు పైకి లేచి దోనెలా ఉంటే పై ముడత, అది తామర పురుగు. కిందికి ముడుచుకుని, ఆకు సన్నబడి, కాడ సాగినట్టుంటే కింది ముడత, అది తెల్లనల్లి. నల్లి మామూలు కంటికి కనపడదు, ఫోన్ కెమెరా జూమ్ చేసినా లాభం లేదు, భూతద్దం కావాలి. లేత ఆకు వెనక్కి తిప్పి మధ్య ఈనె పక్కన చూడండి.

ఇంట్లో గాలి, వాన, మిత్రపురుగులు ఉండవు కదా, ఒక్క కుండీకి వస్తే మిగతావాటికీ పాకుతుంది.

చిగురాకు

భూతద్దంతో చూశా. రెండు కుండీల్లో ఆకులు కిందికే ముడుచుకున్నాయి, వెనకాల మెరిసే చిన్న చిన్న చుక్కలు కదులుతున్నాయి! మిగతా కుండీల్లో ఏమీ లేవు, అక్కడ ముడత కూడా లేదు, కింద పసుపు మాత్రం అన్నిట్లో ఉంది. అంటే రెండు రోగాలు కలిసి వచ్చాయన్నమాట. మీటర్ ఆర్డర్ పెట్టా. నల్లికి ఏం కొట్టాలి? పసుపు ఆకులు తుంచేయాలా?

ఆకుకింద

ఆ రెండు కుండీలూ ఇప్పుడే వేరే గదిలోకి మార్చండి. బాగా చెడిన చిగుళ్ళు తుంచి కవర్లో కట్టి పారేయండి. నీటిలో కరిగే గంధకం లేబుల్ మీద ఉన్న మోతాదులో, లైటు ఆర్పేసి, ఆకు వెనక తడిసేలా కొట్టండి. గది మరీ వేడిగా ఉంటే వద్దు, ఆకు మాడుతుంది. రెండు వారాల్లోపు వేపనూనె లాంటి నూనె మందేదైనా కొట్టి ఉంటే కూడా గంధకం వద్దు. మాస్క్ పెట్టుకోండి, కిటికీ తీయండి.

వేరుతడి

పసుపు ఆకులు తుంచకండి, ఈనెలు పచ్చగా ఉన్నంతకాలం అవి ఎంతో కొంత వండి పెడుతూనే ఉంటాయి. పసుపు తిరిగిన చోట మళ్ళీ పచ్చబడుతుందా అని రోజూ చూడొద్దు, పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. పసుపు ఇంకో ఆకు పైకి ఎక్కుతోందా, ఆగిందా అన్నదే చూడండి. తొందరగా కావాలంటే మెగ్నీషియం సల్ఫేట్ లీటరుకి 5 గ్రాములు కలిపి ఆకుల మీద స్ప్రే చేయొచ్చు, కానీ గంధకం కొట్టిన రోజు కాదు.