స్టేజ్ కీబోర్డు టోన్లకు మరో కీబోర్డు కలపాలా, రెండో వాయిద్యమే కొనాలా?

ఎడమచేయి:
మా ఆర్కెస్ట్రాలో నేను 88 మెట్ల నార్డ్ స్టేజ్ 3 కీబోర్డు వాయిస్తాను. పియానో పట్టుకుని ఉండగానే వేణువు బిట్టు అందుకోవలసి వస్తే స్ప్లిట్ చేయక (మెట్లను రెండు వాయిద్యాలకు పంచక) తప్పడం లేదు, చేస్తే రెండు చేతులకూ చోటు చాలడం లేదు. సొంత టోన్లు (వాయిద్య ధ్వనులు) లేని 49 మెట్ల కంట్రోలర్‌ను పైన పెట్టి, మిడి (ఏ మెట్టు నొక్కామో వంటి సమాచారాన్ని వాయిద్యాల మధ్య చేరవేసే పద్ధతి) ద్వారా ఈ కీబోర్డులోని టోన్లనే మోగించడం మేలా, లేక మరో పూర్తి కీబోర్డు మేలా?

రెండంతస్తులు:
పూర్తి కీబోర్డే కొనండి. కచేరీ మధ్యలో, ఉన్న ఒక్క యంత్రమూ మొండికేస్తే కంట్రోలర్ కూడా మూగబోతుంది. పైగా ఐదు పిన్నుల మిడి తీగలో సెకనుకు 31,250 బిట్లే ప్రయాణిస్తాయి. ఒక మెట్టు నొక్కిన సమాచారానికి మూడు బైట్లు, అంటే దాదాపు 1 మిల్లీసెకను పడుతుంది కనుక పెద్ద కార్డు (ఒకేసారి నొక్కే స్వరాల గుంపు) వేసినప్పుడు స్వరాలు ఒకదాని వెనుక ఒకటి చేరుతాయి.

గమకం:
యంత్రం మొండికేస్తుందన్న భయం న్యాయమైనదే, దానికి నా వద్ద జవాబు లేదు. ఆలస్యం మాట మాత్రం ఇక్కడ అంతగా వర్తించదు, ఎందుకంటే వేణువు బిట్టులో ఒకసారి ఒక్క స్వరమే పలుకుతుంది.

నేను కంట్రోలర్ వైపు మొగ్గడానికి కారణం వేరు. మన పాటల్లో వేణువు, వీణ బిట్లకు పిచ్ బెండ్ (చక్రం తిప్పి స్వరాన్ని పైకీ కిందికీ వంచడం) లేకపోతే ప్రాణం ఉండదు. మిడిలో పిచ్ బెండ్ మెట్టుకు కాక ఛానల్‌కు (ఒకే తీగలో విడివిడిగా సాగే సమాచార దారుల్లో ఒకదానికి) వర్తిస్తుంది. కాబట్టి పియానో ఒక ఛానల్‌లో, వేణువు మరో ఛానల్‌లో ఉంటే, కంట్రోలర్ చక్రం ఎంత తిప్పినా వంగేది వేణువు ఒక్కటే. నార్డ్ స్టేజ్ 3లో ఏ, బీ అనే రెండు ప్యానెళ్లు, అంటే విడివిడిగా టోన్లు పెట్టుకునే విభాగాలు, ఉన్నాయి. డ్యుయల్ కీబోర్డు అమరికలో ఏ ప్యానెల్‌ను సొంత మెట్లకు ఉంచి, బీ ప్యానెల్‌ను బయటి కీబోర్డుకు అప్పగించవచ్చు. సస్టెయిన్ పెడల్‌ను నార్డ్‌కే తగిలించి పియానో విభాగానికి పరిమితం చేస్తే, ఎడమచేత్తో వేసిన కార్డును పాదంతో నిలిపి, ఆ చేతిని బెండ్ చక్రం మీదికి తెచ్చుకోవచ్చు. వేణువు స్వరాలు మాత్రం ఒకదానిలో ఒకటి కలిసిపోవు. స్ప్లిట్‌లోనూ ఇది అసాధ్యం కాదు, కానీ చేతులు ఇరుకున పడతాయి.

రెండంతస్తులు:
గమకం గారి వాదన బాగుంది. అయితే అన్ని స్టేజ్ కీబోర్డులూ టోన్లను ఇలా ఛానళ్ల వారీగా పంచి ఇవ్వవు. కొన్ని ఒకే ఛానల్‌లో సమాచారం అందుకుని ప్రోగ్రాం (అప్పటికి పెట్టుకున్న టోన్ల అమరిక) మొత్తాన్నీ మోగిస్తాయి. ఈ చర్చ చదివి కంట్రోలర్ కొనబోయేవారు ముందు తమ కీబోర్డు మాన్యువల్ చివర ఉండే మిడి పట్టిక చూసుకోవాలి.

ఎడమచేయి:
నేను చూసిన చిన్న కంట్రోలర్‌కు యూఎస్‌బీ తప్ప వేరే రంధ్రం లేదు. నేరుగా కలుపవచ్చా?

గమకం:
కుదరదు. రెండింటి యూఎస్‌బీ రంధ్రాలూ కంప్యూటర్‌కు కలపడానికి ఉద్దేశించినవే. మధ్యలో యూఎస్‌బీ మిడి హోస్ట్ పెట్టె కావాలి. దానికి బదులు ఐదు పిన్నుల మిడి అవుట్ ఉన్న కంట్రోలరే తీసుకోండి. మూడో కీబోర్డు కూడా చేర్చదలిస్తే రెండు తీగల సమాచారాన్ని కలిపే మిడి మెర్జ్ పెట్టె అవసరం, రెండు తీగలను ఊరకే ముడివేస్తే సమాచారం చెడిపోతుంది.

రెండంతస్తులు:
మరో జాగ్రత్త కూడా ఉంది. మెట్టు నొక్కి ఉంచి కంట్రోలర్‌లో ఛానల్ మారిస్తే, మెట్టు వదిలిన కబురు కొత్త ఛానల్‌కు వెళ్లి, పాత ఛానల్‌లోని స్వరం ఆగకుండా మోగుతూనే ఉండే ప్రమాదం ఉంది. కంట్రోలర్ ఛానల్‌ను ఒకసారి నిర్ణయించి అలాగే వదిలేయండి, టోన్లు మార్చేదంతా నార్డ్ మీదనే చేయండి.